కొత్త వెండి మెట్టెలు

కరోనా కాలపు ఆ రెండేళ్లలో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా గుర్తుకు రాదు. జర్మనీలోని క్లాస్తాల్, కొండ మీది ఊరు. పొద్దున్నే పొగమంచు వచ్చి కిటికీకి ఆనుకుని నిలబడేది, మధ్యాహ్నం దాటితే గానీ ఎదురింటి చెక్కగోడ కనిపించేది కాదు. క్లాసులు లేవు, బస్సుల్లో మనుషులు లేరు. ఆ మంచులోనే నా పెళ్లి కూడా జరిగిపోయింది. తలుచుకుంటే నిజంగా జరిగిందా, కలగన్నానా అనిపిస్తుంది.

వరంగల్లో పెట్టిన ముహూర్తం రెండుసార్లు తప్పిపోయింది. విమానాలు లేవు. పెళ్లికొడుకూ నేనూ ఇదే ఊళ్లో చదువుతున్నాం, నేను కంప్యూటర్లు, అతను లోహశాస్త్రం. లాప్‌టాప్‌లో పంతులుగారు మంత్రాలు చెబితే ఇక్కడే కానిచ్చేద్దామన్నాం. నాన్న సరేనన్నాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"తాళి పసుపుకొమ్ముతోని కట్టినా మంచిదే బిడ్డా. మెట్టెలు మాత్రం అసలు ఎండియి కావాలె. ఎవలో తొడిగి ఇడిసినయి వద్దు. కొత్త ఎండి."

వెండి దగ్గర అమ్మ పంతం నాకు కొత్త కాదు. ఎవరి పెళ్లిలోనైనా రిటర్న్ గిఫ్ట్‌గా కుంకుమ భరిణె ఇస్తే అరచేతిలో ఒకసారి ఎగరేసి చూసేది. "జర్మన్ సిల్వర్" అని మూతి తిప్పి, పేరు గొప్ప ఊరు దిబ్బ అంటూ అటక మీద పడేసేది. మా అటక నిండా అవే.

ఇక్కడేమో నగల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, ఇంటి నుంచి పార్సిళ్లు రావడం లేదు. ఒకే దుప్పటి ఇద్దరం కప్పుకుని ఆన్‌లైన్లో కాలివేలి ఉంగరాలు వెతికాం. ఫోటోలో అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. కొన్ని వాడినవి, కొన్ని పాతవి. చివరికి ఒక పేజీలో "నోయ్‌జిల్బర్" అన్న మాట కనిపించింది. అతను అప్పుడే జర్మన్ పరీక్ష పాసయ్యాడు, ఆ ఊపులో ఉన్నాడు.

"నోయ్ అంటే కొత్త. జిల్బర్ అంటే వెండి. మీ అమ్మగారు అడిగింది ఇదేగా," అన్నాడు, గుంటూరు యాసలో అంత ధీమాగా.

నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. ప్యాకెట్ వచ్చాక ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూశాడు. అంటుకోలేదు. ఇక అనుమానమే లేదన్నాడు. లోపలివైపు అసలు వెండికి వేసే ముద్ర ఉందో లేదో చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

పెళ్లికి వచ్చిన చుట్టం ఒక్కరే, కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు ముసలావిడ. మెట్టెలు తొడిగేటప్పుడు పెళ్లికూతురు సన్నికల్లు మీద కాలు పెట్టాలి, మాకు రాయి కావాలి అని ఆమెకు వచ్చీరాని జర్మన్‌లో చెప్పుకున్నాం. ఆవిడ భర్త గని మూసేదాకా ఈ కొండల్లోనే పనిచేశాడట. ఆయన తెచ్చుకున్న రాయొకటి ఆమె తలుపుకు అడ్డంగా ఉండేది. ఏప్రన్‌తో తుడిచి, రెండు చేతులతో మోసుకొచ్చి పెట్టింది. బూడిదరంగు రాయి, అక్కడక్కడ తళుకులు. కాలు పెడితే చలి మోకాలిదాకా పాకింది. ఈ రాయిలా స్థిరంగా ఉండమ్మా అని పంతులుగారు అంటూండగా తెర మీద ఆయన బొమ్మ ఆగిపోయింది. అతను నేల మీద కూర్చుని మెట్టెలు తొడిగాడు. బయట మంచు పడుతోంది. ఫోన్లో అమ్మ ముక్కు చీదుకుంటూ, ఎండియేనా అని అడిగింది. ఎండియేనమ్మా అన్నాను.

నెల తిరక్కుండానే వేళ్లు దురద పెట్టాయి. చలికి చర్మం పగిలిందనుకుని కొబ్బరినూనె రాశాను. తర్వాత మెట్టె కింద పచ్చగా చార పడింది. వేసవికి ల్యాబ్ తెరిచారు. ఒకరోజు అతను మెట్టెలు రెండూ పరీక్షకు తీసుకుని వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి ఇంట్లోకి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. చేతిలో కాగితం. రాగి, నికెల్, జింకు. వెండి సున్నా.

"నోయ్‌జిల్బరంటే మన జర్మన్ సిల్వరేనంట," అన్నాడు తల వంచుకుని.

చదవేస్తే ఉన్న మతి పోయిందని తిట్టాను. లోహాలు చదివేవాడివి, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందన్నాను. కోపం కన్నా భయమే ఎక్కువ. మనుషులు లేని పెళ్లి, మేళం లేని పెళ్లి. అమ్మ నిజంగా కావాలని అడిగింది ఒక్కటే, అదీ దొంగదే. ఇక మిగిలిందేమిటని ఏడ్చాను. అతను కాగితం రెండోవైపు తిప్పాడు. ముసలావిడనడిగి ఆ రాయినీ పరీక్ష చేశాడట. సీసమే ఎక్కువ. కొంచెం వెండి కూడా ఉంది.

దుకాణాలు తెరిచాక వేరే జత కొన్నాం. ఈసారి లోపల 925 అన్న ముద్రను భూతద్దం పెట్టి చదివాకే. కానీ అమ్మకు చెప్పకుండా తొడుక్కోవడానికి మనసు ఒప్పలేదు. ఫోన్ చేసి అంతా చెప్పేశాను. జర్మనీ దాకా పోయి జర్మన్ సిల్వరే తొడిగించుకున్నావా అని దగ్గొచ్చేదాకా నవ్వింది. రాయిలో వెండి ఉందన్న సంగతి చెప్పేసరికి నవ్వు ఆపేసింది.

"అయితే కాలు పెట్టింది ఎండి మీదనే గద," అంది. "ఆ రాయి ఇంక ఉన్నదా?"

ఉంది, కింద తలుపుకు అడ్డంగానే అన్నాను.

"తలుపుకు అడ్డం పెడ్తరా దాన్ని. పో, పసుపు రాసి బొట్టు పెట్టు. కొత్తయి దాని మీదనే కాలు పెట్టి తొడిగిచ్చుకో. ఆ ముసలామెను ఫోన్ మంచిగ పట్టుకొమ్మను. అప్పుడు ఏడ్సుకుంటనే ఉంటి, నేను సూడనే లేదు."