దేశం కోసం మా నాయన ప్రార్థన

మా మందిరంలో ఆదివారం ఆరాధన ముగిసే ముందు దేశం కోసం ఒక ప్రార్థన ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ప్రార్థన చేసేది మా నాయనే. ఆయన సంఘపెద్ద. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయినా ప్రార్థన మొదలుపెడితే ఎక్కడా తడుముకునేవాడు కాదు. ముందు పాలించేవాళ్లకు మంచి బుద్ధి ఇమ్మని అడిగేవాడు. తర్వాత సరిహద్దుల్లో కాపలా ఉన్నవాళ్లను తలుచుకునేవాడు. చివర్లో, మోకాళ్ల మీద ఉన్న మనిషి కాస్తా నేలకు నుదురు ఆనించి, ఈ దేశంలోని పేదరికాన్ని తీసెయ్యమని వేడుకునేవాడు. 

చిన్నప్పుడు నేను ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసేదాన్ని. పేదరికం అంటే ఎక్కడో ఢిల్లీలోనో మద్రాసులోనో ఉండే జబ్బు అనుకునేదాన్ని. మా ఇంట్లో సంగటిలోకి పచ్చిపులుసు తప్ప ఇంకేమీ లేకపోవడానికీ, నాయన ప్రార్థనకూ సంబంధం ఉంటుందని తోచేది కాదు.

మా ఊరు దుత్తలూరు నుంచి ఉదయగిరి పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. మెట్ట నేల. వాన పడితే కంది, సజ్జ. పడకపోతే వింజమూరు వైపు కూలికో, ఇంకా దూరం బెంగుళూరులో కట్టుబడి పనికో పోవాలి. సగం ఊరు మా క్రైస్తవుల ఇళ్లు, సగం గొర్రెలూ బర్రెలూ పెట్టుకున్న హిందువుల ఇళ్లు. రెండు వైపులా తాగేది ఒకే బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మా ఊరివాళ్లు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనపడతాయి. నాకూ ఉన్నాయి. నడివయసు దాటేసరికి మోకాళ్లు, వెన్ను, మెడ ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుపోతాయి. మా పెద్దవాళ్లు దాన్ని వాయువు అనేవాళ్లు. వాయువుకి నూనె రాసుకున్నారు, నాటుమందు మింగారు, ఉపవాసం ఉండి ప్రార్థనలు చేశారు, అవతలి వైపు వాళ్లు మొక్కులు మొక్కారు. నీళ్లు మాత్రం ఆ బోరువే తాగారు. వేరే నీళ్లు ఎక్కడున్నాయి?

నాయనకు అవతలి వైపు ఒక స్నేహితుడు ఉండేవాడు. గొర్రెలు మేపేవాడు. చిన్నతనంలో ఇద్దరూ కలిసి కొండ పక్క గొర్రెలు కాసినవాళ్లు. ముసలితనంలో కూడా ఒకరినొకరు ఒరే అనే పిలుచుకునేవాళ్లు. అది రెండు వైపులా కొందరికి నచ్చేది కాదు. నేను ఆయన్ని మామా అనేదాన్ని. సాయంత్రాలు మందిరం వెనక బండ మీద కూర్చుని ఇద్దరూ వానల గురించి, గొర్రెల రోగాల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరి నడుములూ ఇంచుమించు ఒకే కాలంలో వంగడం మొదలుపెట్టాయి.

నేను చదువుకుని ఆత్మకూరులో ప్రభుత్వ బడిలో టీచరునయ్యాను. నాయన మోకాళ్లు బొత్తిగా మడత పడకుండా అయ్యాక ఆయన్ని ఆత్మకూరు తీసుకొచ్చి ఎముకల డాక్టరుకి చూపించాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు మందుతో తిరిగొచ్చేది ఏం లేదమ్మా. నీళ్లు మార్చండి. ఇంకా ముదరకుండా ఉంటుంది" అన్నాడు.

"ఊరంతా ఆ నీళ్లే తాగతా ఉండారయ్యా. నేనొక్కడినే మార్చుకుంటే ఎట్టా?" అన్నాడు నాయన.

డాక్టరు నా వైపు చూశాడు. నేను చీటీ తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మా ఊరికి రాకపోలేదు. ప్రభుత్వం ఒక గది కట్టి, మిషన్లు దింపింది. పెద్దవాళ్లెవరో వచ్చి రిబ్బను కత్తిరించారు. కొన్నాళ్లు ఊరంతా బిందెలతో వరసలో నిలబడ్డారు. తర్వాత మోటారు కాలిపోయింది. బాగు చేయించండని పంచాయతీకి పోతే మండలంలో అడగమన్నారు, మండలానికి పోతే నెల్లూరులో చెప్పామన్నారు. గదికి తాళం పడింది. కాస్త ఉన్నవాళ్లు ఉదయగిరి నుంచి క్యాన్ నీళ్లు తెప్పించుకోసాగారు. మిగతావాళ్లు బోరు దగ్గరికి తిరిగి పోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మందిరానికి పెద్ద గోపురం లేపాలని సంఘంలో అనుకున్నారు. ఉదయగిరి రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా కనపడాలట. అది విని అవతలి వైపు గుడికి కొత్త శిఖరం, ముందు మండపం కట్టాలని తీర్మానించుకున్నారు. బెంగుళూరులో తట్టలు మోసేవాళ్లు కూడా చందా పంపించారు. గొర్రెపిల్లల్ని అమ్మి ఇచ్చినవాళ్లున్నారు. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. అంత సంతోషంగా మా ఊరు ఏ పనికీ చెయ్యి విప్పి ఇవ్వడం నేను చూడలేదు.

ఒక శనివారం ఇంటికి పోయినప్పుడు నాయనతో అన్నాను.

"నాయనా, గోపురానికి పోసే దాంట్లో కొంత తీస్తే ప్లాంటు బాగైపోద్ది. అవతలి వైపు వాళ్లు కూడా కలిస్తే ఇంకా తేలిక."

"మందిరానికి ఇచ్చింది వేరే దానికి వాడితే తప్పు కదమ్మా."

"దేవుడు నీళ్లు తాగడు. నువ్వు తాగాలి."

 నాకు నా మాట మొరటుగా వినిపించింది. అప్పటికి నేను ప్రార్థన మానేసి చాలా కాలమైందని నాయనకు తెలుసు. ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

మర్నాడు ఆరాధన చివర్లో మా పాస్టరు అయ్యగారు నాయన్ని పిలిచాడు. మోకరించడం కుదరక అప్పటికే నాయన కుర్చీలో కూర్చునే ప్రార్థన చేస్తున్నాడు. పాలించేవాళ్ల మాట అయింది, సరిహద్దుల మాట అయింది. పేదరికం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎంతకీ మాట రాకపోయేసరికి జనం ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

"నేను దేవుణ్ణి అడగతా ఉండేది ఎన్నో ఏళ్లుగా ఒకటే మాట" అన్నాడు. "ఈ పొద్దు మిమ్మల్ని అడగతా ఉండా. గోపురం ఒక ఏడాది ఆపుదాం. ముందు నీళ్లు బాగు చేసుకుందాం. అవతలోళ్లని కూడా నేను అడగతా."

 అయ్యగారు చెడ్డవాడు కాదు. తల దించుకుని, "సంఘం ఎట్టా అంటే అట్టా" అన్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది. ఆమె కొడుకు బెంగుళూరులో కడుతున్న బిల్డింగు మీద నుంచి పడి చనిపోయాడు.

"అన్నా, మా పిలగోడు పోయినప్పుడు మేస్త్రీ రాలా, గవర్నమెంటోళ్లు రాలా. ఈ మందిరంలో ఉండేవాళ్లే వచ్చి శవాన్ని బండిలో నించి దింపుకున్నారు. నీళ్ల మిషను ఇయ్యాల బాగు చేస్తే రేపు మళ్లీ చెడిపోద్ది. వాళ్లిచ్చేటివన్నీ చెడిపోతా ఉండాయి. చెడిపోకుండా మాదీ అని చెప్పుకునేది ఇదొక్కటే ఉండాది. దీన్ని కూడా ఆపమంటావా?"

   భక్తి వల్లే మేము పేదవాళ్లుగా ఉండిపోయామని కాలేజీ రోజుల్లో తేలిగ్గా అనేసేదాన్ని. ఆమె నిలబడ్డ తీరు చూశాక, పేదరికమే మా చేత గోపురాలు కట్టిస్తోందేమోనని అనిపించింది. అందరూ కలిసి మొదలుపెట్టి అందరూ కలిసి ముగించగల పని మాకు ఇంకొకటి మిగల్లేదు.

నాయన మెల్లగా, "నీ ఇష్టమే కానీయమ్మా" అని ఆమెతో అని, ఆపిన చోటి నుంచి ప్రార్థన ముగించాడు.

ఆ సాయంత్రం మామ వచ్చాడు. నాయన మాట విని ఆయన కూడా వాళ్ల పెద్దల దగ్గరికి పోయి అడిగాడట.

"ఏమన్నార్రా మీవోళ్లు?" అన్నాడు నాయన.

"ఏమంటారు? వాళ్లు గోపురం లేపతా ఉంటే మనం నీళ్ల తొట్టి కాడ కూచుంటే మన పరువేంగాను అన్నారు. నీకు ఆ కిరస్తానీవోడు మందు పెట్టినాడా అని కూడా అడిగినారు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే ఇద్దరి మెడలూ కదలలేదు.

గోపురం, శిఖరం రెండూ ఇంచుమించు ఒకే ఎండాకాలంలో పూర్తయ్యాయి. మా మందిరం ప్రతిష్ఠకు నెల్లూరు నుంచి, కావలి నుంచి అతిథులు వచ్చారు. వాళ్లకోసం ఉదయగిరి నుంచి వ్యానులో క్యాన్ నీళ్లు తెప్పించారు. బయటివాళ్లకు ఆ నీళ్లు, మావాళ్లకు డ్రమ్ముల్లో బోరు నీళ్లు. వడ్డించేవాళ్లు కూడా ఎవరికి ఏది పోయాలో తెలిసి పోస్తున్నారు. అది అవమానమని ఎవరికీ అనిపించినట్టు లేదు. ఆ రోజు అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నాయన్ని కుర్చీతో సహా ఎత్తి ముందు వరసలో కూర్చోబెట్టారు. పైన శిలువను నిలబెడుతుంటే జనమంతా తలలెత్తి చూశారు. నాయన మెడ లేవదు. ఆయన తన చెప్పుల వైపు చూస్తూ, "నిలబెట్టినారా?" అని పక్కవాళ్లను అడిగాడు.

తాళం వేసిన ప్లాంటు గదిని ఆ ఏడే తెరిచారు. మిషన్లను గోడవారకు జరిపి పండగ కుర్చీలూ షామియానాలూ పెట్టారు. మావాళ్లవీ, అవతలివాళ్లవీ కూడా. ఆ ఒక్క గది విషయంలో రెండు వైపులా ఏ తగాదా రాలేదు.

ఆ తర్వాత నాయన మంచం మీద నుంచి తనంతట తాను లేవలేకపోయాడు. ఆత్మకూరు తీసుకొచ్చి నా దగ్గరే పెట్టుకున్నాను. ఇక్కడ మాకు పెన్నా నీళ్లు వస్తాయి. మొదటి రోజు గ్లాసుడు తాగి, "తియ్యగా ఉండాయమ్మా" అన్నాడు. గ్లాసు నా చేతికిచ్చి, "మీ అమ్మ ఎరగదు ఈ రుచి" అన్నాడు. అమ్మ అప్పటికే పోయింది, ఆయన కంటే ముందే బిగుసుకుపోయి. తియ్యటి నీళ్లు ఆయన ఎముకల్ని ఏమీ చేయలేకపోయాయి. డాక్టరు ముందే చెప్పాడు.

పోయిన వేసవిలో ఊరి నుంచి ఫోను వచ్చింది. మామ చనిపోయాడు. నాయన బస్సులో కూర్చోలేడు, ఆటోలో పడుకోబెడితే నొప్పికి తట్టుకోలేడు. పోలేకపోయాడు. నేనొక్కదాన్నే పోయి చూసి వచ్చాను. వంగిన మనిషిని పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టడానికి వాళ్లు పడ్డ అవస్థ నాయనకు చెప్పలేదు.

"జనం వచ్చినారా?" అని అడిగాడు.

"చానామంది వచ్చారు నాయనా."

"మనోళ్లు పోయినారా?"

"కొందరు పోయారు."

 "వాడి ఇంటోళ్ల కోసం నువ్వు ప్రార్థన చెయ్యమ్మా. నాకు మాటలు రావడంలా" అన్నాడు.

ఆయన నోటి నుంచి ఆ మాట వింటానని ఎప్పుడూ అనుకోలేదు. నేను మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు కూడా చెట్టుకొమ్మల్లా అయిపోయాయి. కళ్లు మూసుకున్నాను. ఏమడగాలో, ఎవరిని అడగాలో తెలియలేదు.  కళ్లు తెరిచి చూస్తే నాయన నా ముఖంలోకి చూస్తున్నాడు. మొదలుపెట్టమన్నట్టు ఎదురుచూస్తున్నాడు.

నేను లేచి ఆయనకు అన్నం కలపడానికి వంటింట్లోకి పోయాను.