ఎవర్ని దాటాలండీ?

ఇంజిన్ బలం పెంచమని ఎవరొచ్చినా, పటమట షెడ్డులో మెకానిక్ గారు ముందు ఒకటే అడిగేవారు: "ఎవర్ని దాటాలండీ?"

నా పాత టర్బో డీజిల్ కారు తీసుకెళ్లిన రోజు నన్నూ అడిగారు. సిగ్గుపడుతూనే చెప్పాను. "మా బావమరిదినండీ. కొత్త కారు కొన్నాడు. దీనికి పెద్ద టర్బో వేయండి."

ఆయన నవ్వలేదు. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కీ, రెండోది చెవికీ ఆనించి విన్నారు. "పెద్ద టర్బో ఎందుకండీ. టర్బో నుంచి ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టం చిరిగి, గాలంతా దారిలోనే పోతోంది." గొట్టం మార్చి, టర్బో ఒత్తిడి కాస్త పెంచి ఇచ్చారు.

మర్నాడు గన్నవరం రోడ్డులో బావమరిది కోసం చూశాను. కనపడలేదు. కాలు ఊరుకోక, ముందు పోతున్న తెల్ల కారును దాటేశాను. సిగ్నల్ దగ్గర అది వచ్చి నా పక్కనే ఆగింది. అద్దం దించి మెకానిక్ గారు తొంగిచూశారు.

"దాటాల్సింది నన్నాండీ?"