దొరగారిని ఏడిపించిన బియ్యం

దొరగారు తన దేశంలో కన్నుమూశారని కబురు రాగానే మా సంఘంవాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన పక్కన నిలబడి బెంగాలీ మాటల్ని తెలుగులో చెప్పినదాన్ని నేనేనట. ఆ శరణార్థి తల్లి విశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పాలట. రానన్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఒళ్ళు నిక్షేపంగా ఉంది, మీ కథే బాగాలేదు అన్నాను. మొహాలు మాడ్చుకుని వెళ్ళిపోయారు. వెళ్ళనీండి. ఇన్నేళ్ళుగా పండగ వచ్చినప్పుడల్లా ఆ కథ చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు కదా, ఒక్కసారి జరిగింది జరిగినట్టు వింటే వాళ్ళ సొమ్మేం పోతుంది?

మా నాన్న రైల్వే మనిషి. నా చిన్నతనమంతా ఖర్గపూర్ క్వార్టర్లలో గడిచింది కాబట్టి బెంగాలీ నాకు ఆడుతూ పాడుతూ వచ్చేసింది. భిలాయిలో ప్లాంటు లేచాక, లోపల ఇనుపరాయి బండ్లు నడిపేవాళ్ళు కావాలంటే నాన్న ఇటు మారారు. దొరగారు అంతకుముందు చాలా ఏళ్ళు శ్రీకాకుళం వైపు ఊళ్ళు తిరిగిన పాదిరీ. అక్కడి జనం ప్లాంటు పనికి రైలెక్కి వచ్చేస్తుంటే వాళ్ళ వెనకే ఆయనా వచ్చి దుర్గ్‌లో బంగళా తీసుకున్నారు. ఎర్రగా కందిపోయిన ఆ మనిషి నోట్లోంచి అచ్చం మా అమ్మ మాటే వస్తుంటే కొత్తవాళ్ళు తెల్లబోయేవారు. చెడ్డమనిషి కాదు. నా కడుపుమంట కూడా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మరిచిపోయి ఉందును.

మా సంఘంలో గుప్పెడు బియ్యం ఆచారం ఉండేది. ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం మూటకట్టి తెచ్చి ప్రసంగపీఠం ముందున్న గంపలో పోస్తుంది. ఆ గంప సంఘకాపరి ఇంటికి పోతుంది. మిగిలితే క్రిస్మస్‌కి బీదలకి పంచుతారు. వేసినవాళ్ళు తిరిగి అడగడం అనేది మావాళ్ళ ఊహలో కూడా లేదు. దేవుడికిచ్చింది దేవుడిదే.

అరవైల మధ్యలో తూర్పు బెంగాల్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళతో రాయపూర్ అవతల మానా శిబిరం నిండిపోయింది. అక్కడినుంచి ఒక ఆదివారం మా ఆరాధనకి ముగ్గురు వచ్చారు. మొగుడు, పెళ్ళాం, నాలుగేళ్ళ ఆడపిల్ల. వాళ్ళూ క్రైస్తవులే. అతను వాళ్ళ ఊళ్ళో పడవలు చేసే వడ్రంగి. ఇంకో పిల్లని శిబిరంలోనే పాతిపెట్టారు, వాంతులూ విరేచనాలతో పోయింది. ఇదంతా ఆమె నాకు ఏడవకుండా చెప్పింది. వాళ్ళకి కావలసింది ఒక్కటే. శిబిరంవాళ్ళు మనుషుల్ని లారీలెక్కించి బస్తర్ అడవుల్లోకి పంపేస్తున్నారు, అక్కడ చెట్లు కొట్టి పొలాలు చేసుకోవాలట. పడవలు చేసేవాడికి అక్కడ పడవలు తిరిగే నది లేదు, పిల్లకి జబ్బు చేస్తే ఆసుపత్రి లేదు. భిలాయిలో ఏదో ఒక పని దొరికితే ఇక్కడే ఉండిపోవాలి. "ఉన్న ఒక్కదాన్నీ అడవిలో పాతిపెట్టలేను దిదీ" అంది.

ఆ రోజు ఆమె గంప చూసింది. అందరూ పొయ్యడం చూసింది. తరువాతి ఆదివారం చీరచెంగు ముడి విప్పి, శిబిరంలో ఇచ్చే ముక్కిపోయిన బియ్యం తీసి గంపలో పోసింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఒక పూట కూడు. దొరగారు ప్రసంగపీఠం మీదనుంచి అది చూసి, ప్రసంగం ఆపేసి, జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత ఆయన మాట్లాడినంతసేపూ ఆమె గురించే మాట్లాడారు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, కన్నబిడ్డ పోయింది, అయినా దేవుడికి ఇవ్వడం మానలేదు, ఈ తల్లి ముందర మనమెంత అన్నారు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. నేనూ ఏడ్చానేమో గుర్తులేదు. ఆమెకి తెలుగు రాదు కాబట్టి ఏమంటున్నారని నన్ను అడిగింది. నిన్ను మెచ్చుకుంటున్నారు అని చెప్పాను. సంతోషపడింది.

ఆ మరుసటి ఆదివారం అసలు సంగతి బయటపడింది. ఆరాధన అయ్యాక ఆమె తిన్నగా గంప దగ్గరికి నడిచి, చెంగు పరిచి, రెండు చేతులతో బియ్యం తీసి పోసుకోవడం మొదలుపెట్టింది. దొంగచూపులు లేవు, కంగారు లేదు, సొంత ఇంట్లో గాదె దగ్గర కూర్చున్నంత నిదానంగా ఉంది. సంఘ పెద్ద ఒకాయన పరుగున వచ్చి గంప లాగేసుకున్నాడు. ఆమె తలెత్తి, ఏం తప్పు జరిగిందో తెలియక నావైపు చూసింది.

అడిగితే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కూడా ఇదే ఆచారమట, వంటకి ముందు గుప్పెడు తీసి పెట్టడం. కాకపోతే అక్కడ ఆ బియ్యమంతా చర్చిలో ఒక పెద్ద కాగులో ఉంటుంది. ఏ ఇంట్లో ఆ వారం పొయ్యి వెలగలేదో ఆ ఇంటి ఆడది వచ్చి పట్టుకెళ్తుంది, ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. చేతిలో ఉన్నప్పుడు వెయ్యాలి, లేనప్పుడు తియ్యాలి. అతను లారీ ఎక్కనన్నాడని శిబిరంవాళ్ళు ఆ వారం వాళ్ళ రేషన్ ఆపేశారు. అందుకని తియ్యడానికి వచ్చింది. "మొన్న వేశాను కదా దిదీ, నేనూ ఈ ఇంటిదాన్నే కదా" అంది. అదీ ఆమె చేసిన పొరపాటు. మమ్మల్ని తనవాళ్ళనుకుంది.

ఇదంతా దొరగారికి చెప్పేలోపే ఆయన తనంతట తను ఇంకో కథ అల్లుకున్నారు. "సూసేరా" అన్నారు అందరితో. "ఆవిడ తనకోసం కాదు, శిబిరంలో ఆకలితోటి ఉన్నోళ్ళకి పంచడానికి తీస్తంది. ఇయ్యండి, ఇయ్యండి."

"లేదు దొరగారూ, తన కోసమే. వాళ్ళకి రేషన్ ఆపేశారు. ఇంట్లో గింజ లేదు" అన్నాను.

ఆయన నా తలమీద చెయ్యి పెట్టారు. "అమ్మాయీ, అంత విశ్వాసం నీకు అరదం కావడానికి ఇంకా టైము పడతాది" అన్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ నా నెత్తిమీద ఉన్నట్టే ఉంటుంది, ఎంత రుద్దినా పోదు.

జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. గంప లాక్కున్న ఆ సంఘ పెద్దే అక్కడ సెంట్రింగ్ పని కాంట్రాక్టు చేసేవాడు. పడవ చెక్క వంచినవాడికి సెంట్రింగ్ ఒక లెక్కా? మా అమ్మా నేనూ వెళ్ళి అడిగితే అతను కాదనలేదు. "దొరగారు ఒక్క మాట పూచీ అంటే రేపే పెట్టుకుంతానమ్మా. శిబిరం మనుసులు ఉన్నట్టుండి ఎల్లిపోతారు, నానెవర్ని అడగను?" అన్నాడు. అది న్యాయమే అనిపించింది. దొరగారి ఒక్క మాట. అంతే మిగిలింది.

దుర్గ్ బంగళాకి వెళ్ళాం. ఆయన వరండాలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. అంతా విన్నారు. కళ్ళు మళ్ళీ చెమ్మగిల్లాయి.

"నాను రాత్రి పగలు ఆళ్ళ కోసరమే ప్రార్దన చేస్తన్నానమ్మా" అన్నారు. "ఆళ్ళకి మనవేటి ఇవ్వగలం? ఆళ్ళ దగ్గర మనవే నేర్చుకోవాల. అలాటోళ్ళని ఈ క్వార్టర్ల మజ్జిన, సినిమాల మజ్జిన పెట్టి పాడు సెయ్యమంటావా? దేవుడు ఆళ్ళని ఆ అడివికి దీపంలాగ పంపిస్తన్నాడు. నానడ్డుపడనా?"

మా అమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. "దీపం సరే బావూ. సమురు ఎవరు పోస్తారు?"

"దేవుడే పోస్తాడమ్మా."

"దేవుడు మీ సేతిలో పెట్టేడు గదేటి ఆ సెంబు. మీరు ఒంపరేటి?"

ఆయనకి కోపం రాలేదు. చిరునవ్వు నవ్వి, మోకరించి, మా ఇద్దరి కోసం కూడా ప్రార్థన చేశారు. అమ్మ కళ్ళు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు. బంగళా గేటు దాటాక అమ్మ అంది, "ఒలే, ఈయన ఏడవకపోయినా బాగున్ను. ఏడిసేడు గాబట్టే పని సేసేసినట్టు అనుకుంటన్నాడు."

ఆయన మాట లేకుండా పెట్టుకొమ్మని సంఘ పెద్దని మళ్ళీ అడిగాం. దొరగారు వద్దన్న మనిషిని తానెలా పెట్టుకుంటానన్నాడు. వద్దనలేదు మొర్రో, దీపమన్నారు అంటే, అదంతా తనకి తెలియదన్నాడు. మా నాన్న ప్లాంటులో తెలిసినవాళ్ళని అడిగారు. శిబిరం కాగితాల మీద ఉన్నవాళ్ళని తీసుకోరన్నారు. మా క్వార్టరులో ఉంచుకుందామా అంటే రెండు గదుల్లో ఎనిమిదిమందిమి. అయినా రమ్మన్నాం. పని లేకుండా ఒకరి కూడు తినడానికి అతను ఒప్పుకోలేదు.

దొరగారి తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఏడు సెలవు మీద తన దేశం వెళ్ళి అక్కడి గుళ్ళలో ఈ బియ్యం కథ చెప్పారట. అక్కడి జనమూ ఏడ్చారట. ఏడ్చినవాళ్ళు ఊరుకోలేదు, మా చర్చికి టేకు బల్లలు చేయించి ఇచ్చారు. అందరూ చాపలొదిలి బల్లలమీదికి మారారు. మా అమ్మ మాత్రం మోకాళ్ళు వంగని రోజుల్లో కూడా నేలమీదే కూర్చుంది. ఎందుకమ్మా అంటే, "అయి ఎవరి ఆకలితోటి కొన్నారో నాకు ఎరికే" అనేది. ఆ మాట విన్నవాళ్ళు ముసలిదానికి చాదస్తం అనుకున్నారు.

లారీలు వస్తున్నాయని తెలిసిన రోజు అమ్మ మా ఇంట్లో ఉన్న బియ్యం ఉన్నట్టే మూటకట్టింది. ఇద్దరం రైలెక్కి మానాకి వెళ్ళాం. అప్పటికే వాళ్ళు లారీ మీద ఉన్నారు. అతను బాడిస, ఉలి గోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మావైపు చూడకుండా కూర్చున్నాడు. పిల్ల తల్లి భుజం మీద నిద్రపోతోంది, వెచ్చబడినట్టుంది, మొహం ఎర్రగా ఉంది. అమ్మ మూట పైకి అందిస్తే ఆమె అందుకుని మొగుడి కాళ్ళ దగ్గర పెట్టి, లారీ తలుపు మీదనుంచి నావైపు వంగింది.

"దొరగారు ఏమన్నారు దిదీ?"

"నిన్న గుళ్ళో మీ గురించే చెప్పారు. చెబుతూ ఏడ్చారు" అన్నాను.

"ఏడ్చాక?" అంది.

వెటకారంగా అడగలేదు. తమ కోసం ఏడ్చిన మనిషి ఆ తర్వాత ఏదో చేసి ఉంటాడని, అదే నేను చెప్పబోతున్నానని, నా నోటివైపే చూస్తూ ఉంది. లారీ కదిలాక కూడా అలా చూస్తూనే ఉంది.