దుబాయ్ నుంచి దక్షిణాకాశం: అల్ ఖువా ఎడారిలో త్రిశంకు

సిలువ ఆకారంలో నాలుగు చుక్కలుండే త్రిశంకును చూడాలంటే ఆస్ట్రేలియా విమానం ఎక్కాల్సిందేనని మా ఆసుపత్రిలో తోటి నర్సులు వాదించారు. ఎక్కనక్కర్లేదని నిరూపించడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఆరేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాను, ఇక్కడి దక్షిణాకాశం నాకు కొట్టిన పిండి. ఆగస్టు చివర తెల్లవారుజామున అగస్త్య నక్షత్రం తొంగిచూస్తుంది. ఇక్కడివాళ్ళు దాన్ని సుహైల్ అంటారు, ఇక ఎండలు తగ్గుముఖం పట్టినట్టేనని సంబరపడతారు. చలికాలపు రాత్రుల్లో దక్షిణాన వెలిగేది అదే. మే నెలలో రాత్రి తొమ్మిదిన్నరకు త్రిశంకు వంతు.

తోడుగా మల్లన్న వచ్చాడు. జగిత్యాల మనిషి. రోజూ తెల్లవారకముందే అల్ ఖూజ్ క్యాంప్ నుంచి జెబెల్ అలీకి కూలీల బస్సు నడుపుతాడు. శనివారం సాయంత్రం నాలుగున్నరకు నా కారులో బయలుదేరాం. స్టీరింగ్ తనే పట్టాడు. "యల్లా తమ్మీ, పొద్దుగూకకముందే చేరాలె" అని తొందరపెట్టాడు. అల్ ఐన్‌లో చాయ్ తాగి, దక్షిణానికి తిరిగి, ఏడు లోపే అల్ ఖువా చేరాం. రానూ పోనూ ఎనభై దిర్హాముల పెట్రోలు అవుతుంది.

చీకటి చిక్కబడ్డాక, చేయి చాచి చూస్తే ఇసుకదిబ్బల పైన బెత్తెడు ఎత్తులో నాలుగు చుక్కలు నిలిచాయి. నాకు ఒళ్ళు పులకరించింది. "కనపడ్డాయా అన్నా?" అన్నాను.

"కనవడ్డయ్, కనవడ్డయ్. నాలుగు."

"ఎటుపక్క? చూపించు."

మల్లన్న వేలు దక్షిణానికి కాదు, మా వెనకున్న కారు వైపు లేచింది. మా చర్చి పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపించే తంతు లేదు గానీ, స్నేహితుల పెళ్ళిళ్ళలో చూశాను. పట్టపగలు అరుంధతిని చూపిస్తే ఏ పెళ్ళికొడుకైనా కనిపించిందనేస్తాడు. ఈయనా అదే చేశాడని నవ్వబోయాను. మల్లన్న నవ్వలేదు.

"ఏడాది సంది గింతే తమ్మీ. చీకటైతే అంతా మసక. బాట అలవాటుండి నడుపుతున్న. చెప్తే ఖలాస్, ఇంటికి పంపుతరు."

నాకు ఒళ్ళు మండింది. "బస్సులో యాభై మంది ఉంటారన్నా! వాళ్ళకీ ఇళ్ళున్నాయి కదా?"

 మల్లన్న కారు తాళం నా చేతిలో పెట్టాడు. తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపించి, తన సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. "సార్, రేపు సెలవు గదా, ఎల్లుండి నుంచి నా బండికి వేరే డ్రైవర్‌ను పెట్టుండ్రి. నాకు రాత్రి కండ్లు కనవడ్తలెవ్వు." 

ఆదివారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. దక్షిణాకాశం నాకు తెలుసునని గర్వపడే నేను, పక్క సీట్లో మనిషిని రెండు గంటలు చూసి కూడా ఏమీ గ్రహించలేకపోయాను. ఆ ఫోన్ చేయడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

వెళ్ళేవాళ్ళకు రెండు సలహాలు. వెన్నెల లేని రాత్రి ఎంచుకోండి. తిరుగు ప్రయాణంలో బండి నడిపేవాళ్ళను ముందుగా ఆ నాలుగు చుక్కల్నీ వేలితో చూపించమనండి. చూపించలేకపోతే తాళం మీరు తీసుకోండి.