పిలిస్తే రాని జిహ్నీ ఉస్తా

పిలిస్తే రాడు. తుర్కీ తీరాన సుర్మెనె పడవల రేవులో, పడవలు కట్టే మేస్త్రి జిహ్నీ ఉస్తా గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది ఈ ఒక్క ముక్కే. పెళ్ళికి పిలిచినా రాడు, పిల్లాడి సున్తీకి పిలిచినా రాడు, రంజాన్ విందుకు పిలిచినా రాడు. పిలవకపోతే మాత్రం తప్పకుండా వస్తాడు. తిన్నగా వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుని, గిన్నె మూత తీసి రుచి చూసి, "ఉప్పు ఎక్కువైంది" అంటాడు.

ఆయన చెల్లెలు ఫిక్రియె. భర్త పోయాక అన్నగారింటికే వచ్చి, ఇల్లూ అన్ననూ రెండింటినీ తన చెప్పుచేతల్లో పెట్టుకుంది. ఫిక్రియె ఆషామాషీ మనిషి కాదు. పల్లె బడిలో ఐదో తరగతి మొదటి మార్కు ఆమెదే. తనిఖీకి వచ్చిన అధికారి ఆమె చేతిరాత చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తేయాకు సహకార సంఘంలో మగవాళ్ళ నోళ్ళు మూయించి కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమె. పొలం గట్టు తగాదాలో వకీలు లేకుండా వాదించి గెలిచింది. ఈ సంగతులు ఆమె తనంతట తాను ఎవరికీ చెప్పుకోదు, అడిగితేనే చెబుతుంది. ఎవరూ అడక్కపోతే అడిగేదాకా ఊరుకోదు.

ఇన్ని గెలిచిన మనిషి అన్నగారి తిక్క దగ్గర మాత్రం ఓడిపోయింది. తన పెళ్ళినాడే ఓడిపోయింది. పెళ్ళికూతురి హడావుడిలో నోరుజారి, "అన్నయ్యా, సాయంత్రం పెందరాళే రా" అనేసింది. అంతే. ఊరంతా లోపల, పెళ్ళికూతురి అన్న బయట గోడకానుకుని.

ఫిక్రియె పెళ్ళిబట్టలతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, ఇది నీ చెల్లెలి పెళ్ళి!"

"నాకు తెలీదా? నువ్వే కదే పిలిచావు!"

"పిలిస్తే?"

"పిలిచావంటే పరాయివాణ్ణి అనుకున్నట్టేగా."

"సరే, రాకు. నీ మొహం నాకు చూపించకు. పో!"

"అలా అను మరి" అని జిహ్నీ ఉస్తా లోపలికొచ్చి, చేతులు పట్టుకుని ఆడే హొరోన్ ఆటలో అందరికంటే ముందు నిలబడి నేల అదిరేలా గెంతాడు.

హేజల్‌నట్ వ్యాపారి నెజ్మెద్దీన్ బే ఒకసారి బంగారు అక్షరాల శుభలేఖ పంపించాడు. తెచ్చిన మనిషిని దూరం నుంచే చూసి ఉస్తా సగం కట్టిన పడవ కడుపులోకి దూరాడు. ఆ మనిషి "ఉస్తా, ఉస్తా" అని కేకలేస్తుంటే లోపలినుంచి సుత్తి దెబ్బలు ఆపి, "ఉస్తా ఊళ్ళో లేడు!" అని తనే అరిచాడు. నెజ్మెద్దీన్ బే ఆనాటి నుంచీ ఆయనతో మాట్లాడడం మానేశాడు. ఉస్తా దానికీ ఏమీ అనుకోలేదు. పలకరింపు కూడా ఒక రకం పిలుపే అని ఆయన లెక్క.

పోనుపోను ఊరు కిటుకు పట్టేసింది. ఉస్తా తమ ఇంటికి రావాలనుకున్నవాళ్ళు ఆయన కిటికీ కింద నిలబడి, "రేపు మా ఇంట్లో ఏమీ లేదు సుమా! పొయ్యి కూడా వెలిగించం!" అని గోడకు చెప్పి వెళ్ళిపోయేవారు. మర్నాడు పొద్దున్నే ఆయన తయారు.

"నీకెందుకన్నయ్యా ఈ పిచ్చి?" అని ఫిక్రియె అడిగితే, "పిలిస్తే అతిథినవుతాను చెల్లీ. అతిథి అంటే బరువు. పడవలో అక్కర్లేని బరువు ఎక్కించకూడదు" అనేవాడు. పడవ కట్టేవాడితో పడవల గురించి వాదించి గెలవడం ఫిక్రియెకు కూడా చేతకాలేదు.

అలాంటి మనిషికి రష్యా వీసా అవసరమొచ్చింది.

సరిహద్దులు తెరుచుకున్న రోజుల్లో సముద్రం ఆవలి ఒడ్డున ఉన్న రష్యా నుంచి జనం సంచులు మోసుకొచ్చి, పక్క పట్నం ట్రాబ్జోన్ బజారులో దుప్పట్లు పరిచి చెంచాలూ దుర్భిణులూ అమ్ముకునేవారు. ఆ జనంలో గెన్నాది, అతని భార్య నీనా ఉండేవారు. తమ దేశంలో ఓడలు కట్టిన చేతులతో ఇక్కడ చెంచాలు అమ్ముతున్న గెన్నాది ఒకనాడు రేవుకు వచ్చి, సగం కట్టిన పడవ పక్కన నిలబడి దాని చెక్కను అరచేత్తో మెల్లగా నిమిరాడు. ఆ నిమరడం చూసి జిహ్నీ ఉస్తా ఏమీ అడక్కుండా చేతిలో సుత్తి పెట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఏళ్ళ తరబడి ఒకే పడవకు అటొకరు ఇటొకరు మేకులు కొట్టారు. తరవాత ఆ దంపతులు తమ ఊరు తుఆప్సె వెళ్ళిపోయారు. వీసా అక్కర్లేని కాలం కొన్నాళ్ళు నడిచింది. అప్పుడు ఉస్తా బుద్ధి పుట్టినప్పుడల్లా వెళ్ళొచ్చేవాడు. ఆ తరవాత పైన ప్రభుత్వాలకు మాటపట్టింపు వచ్చి, తలుపు మళ్ళీ మూసుకుంది.

ఒక సరుకు ఓడ సరంగు రేవుకు వచ్చి చెప్పాడు: "ఉస్తా, గెన్నాది పోయాడు. మొన్ననే. నిద్రలోనే."

ఉస్తా చేతిలో బాడిసె కింద పెట్టాడు. ఇంటికొచ్చాడు. "చెల్లీ, నా కోటు తియ్యి. నలభయ్యో రోజుకు నేనక్కడ ఉండాలి" అన్నాడు. పోయినవాళ్ళకు నలభయ్యో రోజు వాళ్ళూ చేస్తారు, వీళ్ళూ చేస్తారు. ఆ ఒక్క లెక్కలో మసీదుకూ చర్చికీ తేడా లేదు.

ట్రాబ్జోన్‌లో వీసా కాగితాలు తీసుకునే కచేరీకి ఫిక్రియె కూడా బయల్దేరింది. సర్కారు కాగితంతో యుద్ధమంటే ఆమె లేకుండా ఎలా? కిటికీ వెనక బెర్నా అనే అమ్మాయి కూర్చుని ఉంది. మంచి పిల్ల. నవ్వుతూనే అడిగింది.

"ఫొటో ఉంది, బీమా ఉంది, పాస్‌పోర్టు ఉంది. ఆహ్వానపత్రం ఏది బాబాయ్?"

"ఏ పత్రం?"

"అక్కడినుంచి మిమ్మల్ని పిలుస్తూ ఒకరు పంపించాలి."

జిహ్నీ ఉస్తా చెవి ముందుకు పెట్టి మళ్ళీ చెప్పించుకున్నాడు. తరవాత చాలా నెమ్మదిగా అడిగాడు. "అమ్మాయ్, మీ ఊళ్ళో చావుకు పిలుస్తారా?"

"పిలవరు బాబాయ్."

"మరి?"

"నేను పిలవను. మీరూ పిలవరు. కానీ రూలు అడుగుతుంది."

"మొగుడు పోయి ఏడుస్తున్న ఆడమనిషికి ఫోన్ చేసి, అమ్మా, నన్ను పిలువు అనమంటావా?"

బెర్నా తల దించుకుంది. ఫిక్రియె ఇక ఆగలేకపోయింది. "చూడమ్మాయ్, నేనెవరో నీకు తెలీదు. పల్లె బడిలో ఐదో తరగతి..."

"తెలుసు పిన్నీ. మొదటి మార్కు. ఇందాక వరసలో నిలబడ్డప్పుడు అందరికీ చెప్పారు" అంది బెర్నా. "ఒక దారి ఉంది. విహారయాత్ర అని రాస్తే హోటల్ కాగితం చాలు. ఎవరూ పిలవక్కర్లేదు. అది నేనే తెప్పిస్తాను. సంతకం పెట్టండి బాబాయ్, నలభయ్యో రోజు లోపలే చేతికొస్తుంది."

ఫిక్రియె ప్రాణం లేచొచ్చింది. కలం తీసి అన్నగారి చేతిలో పెట్టింది. ఆయన కలం పట్టుకుని, కాగితం మీద అమ్మాయి వేలు పెట్టిన చోటే చూస్తూ నిలబడ్డాడు.

"ఇక్కడేం రాసి ఉంది?"

"ప్రయాణ కారణం: విహారం."

"గెన్నాది సమాధి దగ్గరికి షికారు వచ్చానని రాసివ్వమంటావా?"

"వాడు చూడడు అన్నయ్యా!" అంది ఫిక్రియె.

"వాడు చూడకపోయినా నేను రాస్తానుగా." కలం జాగ్రత్తగా కిటికీలోంచి లోపలికి నెట్టాడు. "ఇంకేమున్నాయి?"

"వ్యాపారం. ఉద్యోగం. బంధుమిత్రుల ఇంటికి అతిథిగా."

"అతిథా! నేనా!" అని ఆ ముసలాయన అరిచిన అరుపుకు వెనక వరసలో ఒకాయన చేతిలో ఫొటోలు జారి పడ్డాయి. 'ఓదార్పు' అనే గడి అక్కడ లేదు.

తిరుగుప్రయాణంలో బస్సు కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది. ఆయన దానివైపు చూడలేదు. ఆ తరవాత రేవుకు పోవడం మానేశాడు, ఎవరి వంటింట్లోకీ తొంగి చూడలేదు. ఒకరోజు ఫిక్రియె కావాలనే మొక్కజొన్న జావలో గుప్పెడు ఉప్పు పోసి ముందు పెట్టింది. ఆయన రెండు చెంచాలు మింగి గిన్నె పక్కకు పెట్టాడు. ఒక్క మాట అనలేదు. అప్పుడు భయమేసింది ఫిక్రియెకు. పొలం గట్టు తగాదాలో కూడా వెయ్యని భయం.

అన్నగారికి తెలియకుండా చేపల అంగడి వెనకింటికి వెళ్ళింది. అంగడివాడి భార్య లారిసా రష్యా పిల్ల. కోడలిగా వచ్చి చాలా ఏళ్ళయింది. "నీనాకు ఫోన్ కలుపు. ఆహ్వానం నేనడుగుతాను. సిగ్గూ లజ్జా నాకొదిలెయ్యి. నేను అడిగి సాధించని కాగితం ఇంతవరకూ లేదు" అంది ఫిక్రియె.

ఫోన్ కలిసింది. అవతల్నుంచి ఒక ముసలి గొంతు వినపడింది. ఫిక్రియె నోరు తెరిచింది. ఇంటి దగ్గర పదిసార్లు వల్లించుకున్న మాట బయటికి రాలేదు. "అన్నయ్య రావాలనుకున్నాడని చెప్పు. రాలేకపోయాడని చెప్పు" అని మాత్రం అంది. అడగవలసింది అడక్కుండా ఊరుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

తరవాత నీనా మాట్లాడుతూ పోయింది, లారిసా ఒక్కొక్క ముక్కే అందించింది.

"ఒక చలికాలం గేనాకు, అంటే మన గెన్నాదికి, పని పోయిందట. ఇంట్లో ఏమీ లేదట. పరదాలు వేసుకుని, ఊళ్ళో లేనట్టు లోపలే కూర్చున్నారట. ఎవరో తలుపు కొడితే తీశారట. చూస్తే ఉస్తా. ఇటుగా పోతూ వచ్చానన్నాడట."

"ఇటుగా పోతూనా? మధ్యలో సముద్రం ఉందే!"

"అదే నీనా కూడా అంటోంది. తిన్నగా వంటింట్లోకి పోయి, సంచీలోంచి మొక్కజొన్న పిండి తీసి, వెన్న తీసి, తనే వండాడట. తనే తిని, ఉప్పు ఎక్కువైందని తన్ను తనే తిట్టుకున్నాడట. గేనా ఎన్నోసార్లు పండగకు రమ్మని ఉత్తరం రాశాడట, ఒక్కసారీ రాలేదట. పిలిచి ఉంటే మేము పెట్టాల్సొచ్చేది, మా దగ్గర పెట్టడానికేముంది అంటోంది." లారిసా ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "నేను కొత్తకోడలిగా వచ్చిన మొదటి పండగకు మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. రష్యా పిల్లట, దాని చేతి కాఫీ ఎవరు తాగుతారట. ఆయనొక్కడే వచ్చాడు. కాఫీలో కూడా ఉప్పెక్కువైందన్నాడు."

"ఇది నీనా మాటా?"

"కాదు. ఇది నాది" అంది లారిసా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి.

ఫిక్రియె ఇంటికి నడుస్తూ, అన్నగారు పిలవకుండా వెళ్ళిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తలచుకుంది. అంగడి కాలిపోయిన క్షురకుడి ఇల్లు. కొడుకు జైలుకు పోయిన ముసలమ్మ ఇల్లు. పిలుస్తే బాగుండునని ఉన్నా, పిలవలేని ఇళ్ళు. కలిగినవాళ్ళు పిలిస్తే వెళ్ళి, లేనివాళ్ళింటికి పిలవకుండా వెళ్ళినవాణ్ణి ధర్మాత్ముడంటారు. అప్పుడా ఇంటివాళ్ళు తల దించుకోవాలి. ఎవరు పిలిచినా రాననేవాణ్ణి మాత్రం పిచ్చివాడంటారు. పిచ్చివాడు వంటింట్లో కూర్చుంటే ఊరు నవ్వుతుంది, ఇంటివాళ్ళూ నవ్వుతారు, ఎవరికీ తల దించుకునే పని ఉండదు. పల్లె బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న మనిషికి ఈ చిన్న లెక్క తేలడానికి తల నెరవాల్సొచ్చింది.

నలభయ్యో రోజు పొద్దున ఫిక్రియె గెన్నాది పేరు మీద పిండి హల్వా వేయిస్తోంది. పోయినవాళ్ళ పేరు మీద ఆ వాసన ఇంట్లో లేవాలి. ఉస్తా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అంతలో తలుపు చప్పుడైంది. తీసేసరికి నల్ల గుడ్డ తలకు కట్టుకున్న ఒక ముసలావిడ, విమానం దిగి రాత్రంతా బస్సులో కూర్చుని వాచిన కాళ్ళతో నిలబడి ఉంది. తలుపు మూసుకున్నది ఇటువాళ్ళకే. అటునుంచి ఇటు రావడానికి వాళ్ళకు వీసా అక్కర్లేదు. ఆ సంగతి ట్రాబ్జోన్‌లో అందరికీ తెలుసు, ఎవరికీ తట్టలేదు.

"నీనా" అన్నాడు ఉస్తా. లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయాడు. తననెవరైనా ఓదార్చడానికొస్తే ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

నీనా ఆయనకెదురుగా కూర్చుంది. ఆమెకు తెలిసిన తుర్కీ భాషంతా దుప్పటి మీద చెంచాలు అమ్మినప్పుడు నేర్చుకున్నదే. ఆ మాటలన్నీ మనసులో ఒకచోట పోగుచేసుకుంది.

"గేనా," అంది, "మంచి సరుకు, ఉస్తా."

"అవును" అన్నాడాయన.

"గ్యారంటీ లేదు."

ఉస్తా రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని ఫిక్రియె గరిటె వదిలేసి పరుగున వచ్చింది. ఏడుపో నవ్వో ఆమెకు తేలలేదు. ఆయనకూ తేలినట్టు లేదు. కాసేపటికి తడి మొహం పైకెత్తి, అదే బజారు భాషలో అడిగాడు.

"వాపసు తీసుకోరా?"

నీనా చాలాసేపు మాట వెతుక్కుంది. "దుకాణం మూశారు" అంది. ఫిక్రియె వడ్డించి తెచ్చిన హల్వా పళ్ళెం అందుకుని ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇది ఊరికే. తిను."

జిహ్నీ ఉస్తా తిన్నాడు.