చారల పిల్లల తల్లి

పోలీసు యాక్షన్ అయిన ఏడాది చలికాలంలో మేం బరిసెలతో కొట్టిన అడవిపంది గురించి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి పోటు నాది. పెళ్లిళ్లలో, కల్లు మండువాల్లో నేనే ఆ కథ చాలాసార్లు చెప్పాను. అందులో ఒక అబద్ధం ఉంది. అది నాది.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో పందులు మేపుకునే ఎరుకలవాళ్లు గుడిసెలు విడిచి పోయారు. వాళ్లలో భర్త పోయిన ఒక ఆడమనిషి ఉండేది. ఆమె ఆడపంది ఆ రోజు చేతికి చిక్కలేదు. దాన్ని వదిలేసి, ముసలి అత్తను వెంటబెట్టుకుని తల్లిగారి ఊరికి వెళ్లింది. పంది గుట్టల్లోకి చేరి అడవిపందులతో కలిసిపోయింది.

ఆ తర్వాత ఊళ్లో తుపాకీ అన్నది లేకుండా పోయింది. సంఘం వాళ్లు కొన్ని తీసుకుపోయారు, మిగిలినవి మిలిట్రీ వాళ్లు జమ చేసుకున్నారు. అడవిపందులు జొన్నచేలను దున్నేస్తుంటే, ఒక పొద్దున పది మందిమి బరిసెలు పట్టుకుని మంచాల వైపు గుట్టల్లోకి వెళ్లాం. పొదలోంచి ఒక ఆడపంది బయటికి వచ్చింది. దాని వెనక మూడు పిల్లలు, ఒంటి మీద గోధుమరంగు చారలు. అడవిపంది మనిషిని చూస్తే పారిపోతుంది, లేదా మీద పడుతుంది. ఇది రెండూ చేయలేదు. ముట్టె ఎత్తి, తవుడు పోస్తామన్నట్టు మెల్లగా నా వైపు నడిచి వచ్చింది. నేను బరిసె దాని పక్కలో దింపాను.

మొదటి పోటు ఎవరిదో తలకాయ వాళ్లది, అది మా ఆచారం. మధ్యాహ్నానికి ఇంటింటికీ పోగులు అందాయి, కూరలు ఉడికాయి, తిన్నారు కూడా. నేను దొడ్లో తల కాలుస్తుంటే ఎడమ చెవికి కోత కనిపించింది. ఎవరి పందో తెలియడానికి ఎరుకలవాళ్లు పెట్టుకునే గుర్తు అది. ఆ చెవిని మంటలోకి అదిమి పట్టాను.

మా ఊళ్లో కాపులం అడవిపందిని గొప్పగా తింటాం, ఊరపందిని మాత్రం ముట్టం.

నాలుగు రోజుల కిందటే ఊరికి తిరిగొచ్చిన ఆ ఎరుకలామె, పంది పారిపోకుండా మా వైపే నడిచి వచ్చిందని విని, సాయంత్రం ఊరి పెదపటేలు వాకిట్లోకి వచ్చింది. మేం పట్టి తెచ్చిన పంది పిల్లలు అక్కడే గంప కింద ఉన్నాయి.

"మీరు తిన్నది తిన్నరు పటేలా, దాన్ని అడుగుత లేను. పిల్లలన్న ఇయ్యుండ్రి. అత్తకు గంజి పొయ్యనీకె నాకు ఇంకేం లేదు."

"చారలున్న ఊరపందిని యాడన్న చూసినవా?" అన్నాడు పెదపటేలు.

"తండ్రి గుట్టోడు, తల్లి నాది. తండ్రి పోలిక రాదా? నీ చిన్నోనికి నీ ముక్కు రాలే?"

వాకిట్లో అందరూ నవ్వారు. పెదపటేలు నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "పిల్లలను ఇస్తే అది ఊరపందని ఒప్పుకున్నట్టే. అందరం నాలుకలు కాల్చుకోవాలె. మా అమ్మ గుడ తిన్నది రా."

మైలపడితే బంగారు తీగ వేడి చేసి నాలుకకు తాకించేవారు. పెదపటేలు తల్లికి ఎనభై ఏళ్లు.

ఆమె నా వైపు తిరిగింది. "తలకాయ నీ ఇంట్లనే ఉన్నదట గద పటేలా. ఎడమ చెవికి కోత ఉన్నదా లేదా, నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టె ఇంట."

"లేదు," అన్నాను. "చెవులు మంచిగనే ఉండె. గిప్పుడు మాడిపోయినయ్."

ఆమె గంప మీద ఒకసారి చెయ్యి వేసింది. "సరే పటేలా," అని వెళ్లిపోయింది. మర్నాడు పిల్లలను కూడా కోశారు.

నాలుగేళ్లకు, నేను బస్సులో పోతుంటే, పెద్ద అంబర్‌పేట్ దగ్గర రోడ్డు పక్కన కంకర కొడుతూ ఆమె కనిపించింది. ఒక్కతే ఉంది, వెంట అత్త లేదు. బస్సు చాలాసేపే ఆగింది. నేను దిగలేదు.

ఆ పంది ఆమెది. చెవికి కోత ఉంది. మూడు పిల్లల్లో రెండు ఆడవి. రెండేళ్లు సాకితే ఆమె దొడ్డి నిండేది. ఆ రోజు పెదపటేలు వాకిట్లో గంప ఎత్తి చూసినప్పుడే నాకు ఆ సంగతి తెలుసు.