నేను చెరిపేసిన ఫిడేలు

నా పాటల కింద ఒకే వాక్యం ఉంటుంది: రచన, గానం, వయొలిన్, రికార్డింగ్ అన్నీ నేనే. వేంపల్లె దగ్గర ఒకప్పుడు మాకు తోటలుండేవి. మా నాన్న కాలంలోనే అవి చేతులు మారాయి. నాకు మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు, ఎవరి సాయమూ తీసుకోలేదని చెప్పుకునే అలవాటు.

కర్నూలులో రెండు గదుల అద్దె ఇంట్లో, కిటికీకి పరుపు అడ్డం పెట్టి, ఫ్యాన్ ఆపేసి రికార్డు చేస్తాను. ఎండాకాలంలో వయొలిన్ మీద, గడ్డం ఆనే చోట చెమట నిలుస్తుంది. ఒక్కో వరుసా విడిగా వాయించి ఒకదాని మీద ఒకటి పేరుస్తాను. వింటే పదిమంది వాయించినట్టుంటుంది.

ఒక పాటకు పల్లవి ఎంతకీ కుదరలేదు. అప్పుడు ఆయన్ని పిలిపించాను. ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసి, ఆదివారాలు తమ ఊరి చర్చిలో ఫిడేలు వాయించిన మనిషి. ఓర్వకల్లులో కూతురి దగ్గర ఉంటున్నాడు. నా పదేళ్ల వయసులో నా చేతికి కమాను పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా ఇంట్లో చదువు చెప్పేవారిని కుర్చీలో కూర్చోబెట్టి అయ్యవారూ అనడం ఆచారం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టడం మావాళ్లకు ఇష్టం లేదు. అందుకని ఆయన నాకేమీ నేర్పనట్టే మావాళ్లు ఉండిపోయారు. నేనూ అలాగే ఉండిపోయాను.

ఆ రోజు నేను కుర్చీ చూపించాను. ఆయన నేల మీద కూర్చున్నాడు. నేను రెండోసారి అనలేదు.

నేను చేసిన తాళం వినిపిస్తే నవ్వాడు. "ఏంది సామీ ఇది, ట్రాక్టర్ స్టార్ట్ చేస్తాండావా?"

నేను వాయిస్తే ఇంకా నవ్వాడు. "అది కమాను సామీ, పార కాదు. అంత బిగించి పట్టుకుంటే అది యాడ పలుకుతాది?"

తర్వాత ఫిడేలును ఛాతీకి ఆనించి ఏదో వాయించాడు. నేను వెతుకుతున్న పల్లవి అదే.

"ఎక్కడిదిది?"

"యాడిదీ కాదు. మా ఆడమనిషి పోయినాక గొర్ల కాడ కూర్చోని కట్టుకున్నా. ఇంట్లో వాయిస్తే బిడ్డ ఏడుస్తాదని ఎప్పుడూ వినిపించల్యా. నీకు పనికొస్తే వాడుకో."

ఆయన వాయించింది రికార్డు చేసుకున్నాను. మా పనిలో దాన్ని గైడ్ ట్రాక్ అంటాం. దాన్ని వింటూ అసలు వరుస వాయించాక, దాన్ని తీసేస్తాం. ఆయన వెళ్లిన మరునాడు నేనూ అంతే చేశాను. ఆయన వెళ్లేటప్పుడే, ఇది ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాను.

"నాకేం పని సామీ" అన్నాడు.

నా పాటల్లో జనం ఎక్కువగా విన్నది అదే.

ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. జ్ఞాపక కూటానికి చర్చికి వెళ్లాను. కూతురు వచ్చి నా పక్కన కూర్చుంది.

"మా నాయనకు మీ పాటంటే శానా ఇష్టం సార్. అది వచ్చినప్పటినుంచి ఇంట్లో దినామూ అదే వాయిస్తాండె. 'ఎవుర్దో పాట పట్టుకోని ఎందుకు నాయనా, సార్ వింటే నవ్వుతాడు' అని నేనే ఎగతాళి చేస్తి."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? నవ్వి ఫిడేలు పెట్టెలో పెట్టేసె. మళ్లీ తియ్యనే లేదు." నా వైపు తిరిగి అడిగింది. "మీ కాడికి ఒకసారి వచ్చె కదా. ఆయన వాయించింది ఏమన్నా ఉండాదా సార్? మా ఇంట్లో ఫోటోలు తప్ప ఏమీ లేవు."

"లేదమ్మా" అన్నాను.

అది నిజమే. ఎందుకు లేదో, ఆ పాట ఎవరిదో చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఆ నిమిషమంతా నేను నిటారుగా కూర్చునే ఉన్నాను.

అంతలో పాస్టర్ గారు, ఆయనకు ఇష్టమైన పాటను సార్ ఇప్పుడు వాయిస్తారని అన్నారు. ఆమె పెట్టె తెచ్చి ఇచ్చింది. తీగలు వదులైపోయి ఉన్నాయి. బిగించుకుని వాయించాను. ఆయన సాగదీసే చోట సాగదీయడం నాకు చేతకాలేదు.

వెనక ఎవరో ముసలామె గట్టిగానే అంది. "ఆయప్ప ఎంత తిప్పలు పడినా రాలేదు గానీ, ఈయప్ప పాట ఈయప్పకే చెల్లె."

కూతురు కళ్లు తుడుచుకుంటూ తలూపింది. ఇంకోసారి వాయించమని అడిగారు. వాయించాను.